ఎడమచేతి కుట్టు

“ఆ రెండు పుల్లలు యాడివో చెప్పేదాకా ఈ ఇంట్లో ఎవురూ కూడు ముట్టేది లేదు” అన్నాడు జయరాజు.

నడింట్లో నాపబండల మీద పడున్నాయి ఆ పుల్లలు. మూరెడు పొడుగు, కొసన రేగ్గింజంత గుండు. కోడలి కుట్టుమిషను సొరుగులో, లైనింగు గుడ్డల అడుగున, పాత జాకెట్టు ముక్కలో చుట్టి ఉన్నవాటిని బయటికి లాగింది జయరాజు తల్లి సరస్వతమ్మే. సూది కోసం వెతికానని చెప్పింది. చత్వారంతో దారం ఎక్కించలేని మనిషికి సూదెందుకని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

“డ్రమ్ములు వాయించే పుల్లలు” అంది ఫెబా. గోడకు ఆనుకుని నిలబడింది. మెడలో కొలతల టేపు ఇంకా అట్లే వేలాడుతోంది.

“అది నాకూ తెలుసు. నీ సొరుగులోకి ఎట్ల వచ్చినాయి?”

“కొనుక్కున్యా.”

“యాల?”

“నేర్చుకుంటాండా. నంద్యాల్లో.”

పొయ్యి మీద పప్పు కుతకుతమంటోంది. దించేవాళ్ళు లేరు.

నెల కావస్తోంది చర్చిలో డ్రమ్ములు మాయమై. తాళం పగల్లేదు, గడియ విరగలేదు. తాళంచెవులు రెండే. ఒకటి పాస్టరయ్యగారి దగ్గర, ఇంకొకటి సంఘపెద్ద జయరాజు ఇంట్లో, వంటింటి తలుపు వెనక మేకుకు. శనివారం సాయంత్రాలు ఆ తాళంచెవి తీసుకుపోయి చర్చి ఊడ్చేది ఫెబా. పోయిన ఆదివారం పెద్దలు పేరెత్తి ఏమీ అనలేదు. “వచ్చే ఆదివారానికి నిజం బయటికి రావాల” అన్నారు, అంటూ ఆడవాళ్ళ వరసలో ఒక్క మనిషి వైపే చూశారు.

పోయినవి ఒకరి సొమ్మయితే ఇంత గొడవ ఉండేది కాదు. ఆ సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా చర్చికి తెచ్చి గోతంలో వంచుతుంది. ఆ గుప్పెడు బియ్యంతోనే, ఏళ్ళ తరబడి కూడబెట్టి కొన్న డ్రమ్ములవి. అంటే ఆళ్ళగడ్డలో ఆ వీధిలోని ప్రతి పొయ్యిలోంచీ ఎవరో చెయ్యిపెట్టి తీసుకున్నట్టే.

“ఎవుని దగ్గర నేర్చుకుంటాండావే?” అని అందుకుంది సరస్వతమ్మ.

“స్టీఫెన్ అన్న దగ్గర. సంజీవనగర్ గేటు కాడ. మన చర్చికి డ్రమ్ముల కిట్టు తెచ్చిచ్చిన మనిషే అత్తా.”

జయరాజు ఎడంచేత్తో నీళ్ళచెంబు అందుకున్నాడు. చెంబు అంచు పళ్ళకు టకటకా కొట్టుకుంది. బిడ్డ ఎంత కోపం అణుచుకుంటున్నాడో పాపం అనుకుంది తల్లి.

“లైనింగు గుడ్డకని శనివారం శనివారం పోయేది ఇందుకా?” అన్నాడు.

“గుడ్డా తెస్తాండా, పాఠమూ చెప్పించుకుంటాండా. అబద్ధం యాడుంది?”

“చెప్పకుండా పోవడం అబద్ధం కాదా?”

“చెప్పకుండా ఉండేదంతా అబద్ధమైతే...” అని ఫెబా మొగుడి కళ్ళలోకి చూసింది.

ఆ చూపు సరస్వతమ్మకు నచ్చలేదు. తప్పు చేసిన మనిషి చూపు కింద ఉండాలి కదా!

అసలు ఆమెకు అనుమానం ఈ పుల్లలతో మొదలైంది కాదు. రెండు నెలలుగా కోడలు చపాతీ వత్తుతూ మడమతో బండను తడుతోంది. పప్పు ఎనుపుతూ పెదాలు కదిలిస్తోంది. తట్టి, ఆగి, మళ్ళీ తట్టి. వంటింటి కిటికీ అవతల సందు. సందులో ఎవడికో సైగ చేస్తోందని లెక్కేసి, మోకాళ్ళ నొప్పులని చెప్పి మంచం ఆ సందు కనపడే వైపు మార్పించుకుంది సరస్వతమ్మ. ఇంతవరకు ఆ సందులో ఆమెకు అగపడింది ఒక కుంటి మేకపోతు.

“రేపు నేనూ వస్తా” అంది. “ఆ స్టీఫెనెవుడో, ఆ పాఠమేందో నా కండ్లతో చూస్తా.”

“నువ్వొద్దు మా!” జయరాజు గొంతు ఉన్నట్టుండి లేచింది. “ఆ మెట్లు నువ్వెక్కలేవు. మోకాళ్ళు ఏం కావాల?”

తన మోకాళ్ళ మీద కొడుక్కింత దిగులుందని సరస్వతమ్మకు అంతవరకు తెలీదు. కళ్ళు చెమర్చాయి.

అక్కడ మెట్లున్నాయని వీడికెట్లా తెలుసని ఆమెకు అప్పుడు తోచలేదు.

*

బస్సు శిరివెళ్ళ మెట్ట దాటింది. ఫెబా కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది. చూపు మినుము చేలమీద ఉంది గానీ వేళ్ళు తొడమీద ఆడుతున్నాయి.

“చేతులు గమ్మున పెట్టుకో. నలుగురూ చూస్తాండారు” అంది సరస్వతమ్మ.

ఫెబా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి కాలు మొదలైంది.

“నీకీ డ్రమ్ములు యాలమ్మే? వయసులో ఉండే పిల్లోళ్ళు వాయిస్తారంటే అర్థముండాది. ఆ అజయ్ కుమార్ వాయించె, బెంగుళూరికి పనికి పాయె. ఇంకొకడు వస్తాడు. నడీడు ఆడదానివి, నీకేమొచ్చె?”

“ఇష్టమత్తా.”

సరస్వతమ్మ కోడలి మొహం వైపు తిరిగి చూసింది. కాపురానికి వచ్చినప్పటినుంచి ఆ నోట ఆ మాట విన్నది లేదు. ఏం కూర ఇష్టమే అని అడిగితే ‘మీకేదైతే అదే’ అనే మనిషి. అలాంటి మనిషి ఇష్టమంది అంటే, ఆ ఇష్టం వెనక ఇంకేదో, ఇంకెవరో ఉండే తీరాలి. కొంగు బిగించుకుని కూర్చుంది.

*

టైర్ల అంగడి పైన గది. మెట్ల దాకా రబ్బరు వాసన. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించి ఉన్నాయి.

“ఇన్ని గుడ్లు ఎవురు తిన్యారప్పా!” అంది సరస్వతమ్మ ఆయాసపడుతూ.

“తినేది కింద హోటలోళ్ళు, అట్టలు నావి పెద్దమ్మా. ఇవి లేకుంటే ఈ మోతకు టైర్లోడు నన్ను ఖాళీ చేయించేవాడు” అంటూ కుర్చీ వేశాడు స్టీఫెన్. బట్టతల, బానపొట్ట, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. “రా అక్కా” అన్నాడు ఫెబాతో.

అక్కా అని పిలిచేవాళ్ళను సరస్వతమ్మ చాలామందిని చూసింది. మంచం ఉందా అని చూసింది. లేదు. ఇంకో తలుపు ఉందా అని చూసింది. లేదు. కాస్త నిరాశే కలిగింది.

మూలన ఒక పాత డ్రమ్ముల కిట్టు. గది మధ్యలో ఇంకొకటి, దాని మీద దుప్పటి కప్పి ఉంది. స్టీఫెన్ దుప్పటి వైపు ఒకసారి, పెద్దావిడ వైపు ఒకసారి చూసి, “ఈ పొద్దు పాతదాని మీద వాయిద్దాంలే అక్కా” అన్నాడు.

“కాదన్నా. దీనిమీదే” అని ఫెబా దుప్పటి లాగేసింది.

స్టూలు మీద కూర్చుంది. చీర కుచ్చిళ్ళు ఒడిసి మోకాళ్ళ మధ్య దోపింది. సరస్వతమ్మ మొహం తిప్పుకుంది. తిప్పుకుంటే చూడ్డం కుదరదు కాబట్టి మళ్ళీ ఇటు తిప్పింది.

“చూడు పెద్దమ్మా, ఇందులో మాయేం లేదు” అన్నాడు స్టీఫెన్. “కుడిచెయ్యి ఈ జంట పళ్ళేల మీద ఆగకుండా పోతాండాల. టిస్ టిస్ టిస్ టిస్. కుడికాలు కింద పెద్ద డ్రమ్ము మీద, ఒకటికీ మూడుకీ. ఎడంచెయ్యి ముందరుండే చిన్న డ్రమ్ము మీద, రెంటికీ నాలుక్కీ. రాక్ బీట్ అంటే ఇంతే. చెప్పేదానికి ఇంతే. కాలూ చెయ్యీ ఒకదాని మాటొకటి వినవు, అదీ తంటా.”

ఫెబా మొదలుపెట్టింది. నాలుగు దెబ్బలు బాగానే పడ్డాయి. తర్వాత కాలు పరుగందుకుంది, దబదబదబదబ.

“అక్కా! మిషను తొక్కద్దు! కాలు ఆపు!”

ఫెబా నవ్వేసింది. “ఇరవయ్యేండ్లు తొక్కిన కాలన్నా. ఆపడం దానికి తెలీదు.”

“తొక్కడం కాదు నేను నేర్పేది, ఆగడమే. మళ్ళీ.”

మళ్ళీ. మళ్ళీ పరుగు. కింది పెదవి పళ్ళతో పట్టుకుని, కాలి వైపు కాక గోడ మీది గుడ్ల అట్ట వైపు చూస్తూ మళ్ళీ. ఆ తర్వాత ఎక్కడో ఒకచోట కాలు ఆగింది. దుమ్. టక్. దుమ్. టక్. పైన ఆ పళ్ళేల చప్పుడు సన్నటి జల్లులా పడుతూనే ఉంది. కిటికీ అద్దాలు అదిరాయి. మడమతో బండ మీద రెండు నెలలుగా తను విన్న సైగ ఇదే! సందు లేదు, ఎవడూ లేడు. ఇదే!

సరస్వతమ్మ మోకాలు తనంతట తనే ఆడింది. గబుక్కున అరచేత్తో నొక్కి పట్టుకుంది. ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసింది.

అలా చూడబట్టే అగపడింది. పెద్ద డ్రమ్ముకు ముందువైపు తోలులో గుండ్రటి రంధ్రం, రంధ్రంలోంచి గుడ్డ. పచ్చగళ్ళ లుంగీ ముక్క, దాని పక్కన పసుపు చీర ముక్క.

తన బొంత.

ఆ డ్రమ్ము మోతలో పాడేవాళ్ళ గొంతులు వినపడడం లేదని పాస్టరయ్యగారు అంటే, చనిపోయిన మొగుడి లుంగీ, తన చీరా కలిపి చిన్న బొంత కుట్టించి తన చేత్తో లోపల కుక్కింది ఆమే.

“ఆపు!” అంది సరస్వతమ్మ.

మోత ఆగింది. కింద అంగట్లో టైరు మీద సుత్తి దెబ్బలు వినపడ్డాయి.

“ఇది మా చర్చిది. దొంగముండా, మేకు మీది తాళంచెవి తీసుకొని...” ఆయాసంతో మాట తెగింది. “నా కొడుకు అందరి ముందర తలకాయ దించుకుంటాంటే నువ్వీడ కూచోని టిస్ టిస్ అంటాండావా?”

ఫెబా పుల్లలు ఒళ్ళో పెట్టుకుంది. ఏడవలేదు. స్టీఫెనే అడ్డం వచ్చాడు.

“అక్క కాదు పెద్దమ్మా. ఒక పెద్దమనిషి దాచిపెట్టమన్నాడు. పేరు చెప్పనని మాటిచ్చినా.”

“ఎవురా పెద్దమనిషి?”

స్టీఫెన్ మెడ గోక్కున్నాడు.

“కింద చూడత్తా, డ్రమ్ములు చుట్టి తెచ్చిన గోతాలు” అంది ఫెబా.

డ్రమ్ములు జారకుండా కింద గోతాలు పరిచి ఉన్నాయి. శనగ విత్తనాల గోతాలు. ఒకదాని మూతి సగం విప్పి, సగం కుట్టు అలాగే ఉంది. సరస్వతమ్మ మోకాళ్ళ మాట మరిచి నేల మీద కూర్చుంది. కుట్టును వేలితో తడిమింది.

గోతం ఎవరు కుట్టినా దారం ఒకే వైపు వాలుతుంది. ఈ దారం ఎదురు వాలింది. ఆళ్ళగడ్డ విత్తనాల గోడౌన్లో మిషను తప్పిన బస్తాలకు చేత్తో మూతి కుట్టే మనిషి ఒకడే, వాడికి ఎడమచేతి వాటం. చిన్నప్పుడు అన్నం దగ్గర ఆ ఎడమచెయ్యి పాతగుడ్డతో కట్టేసి కుడిచేత్తో తినడం నేర్పింది తనే. అన్నం వరకే నేర్పగలిగింది. సూది వినలేదు.

కానీ అంత తొందరగా నమ్మేస్తే ఆమె సరస్వతమ్మ ఎందుకవుతుంది? ఫెబా దర్జీపని మనిషి. ఏ కుట్టు చూసినా అచ్చం దింపేస్తుంది. ఇంట్లో పాత గోతాలకేం కరువు? ఇప్పుడైనా ‘కింద చూడు’ అని చూపించింది ఎవరు? కోడలే కదా!

తలెత్తి స్టీఫెన్‌ను చూసింది.

“పేరు చెప్పద్దులే నాయనా. మాటిచ్చినావు కదా, నిలబెట్టుకో. ఇంత బరువు మోసుకొచ్చిన మనిషి, నీళ్ళు తాగినాడా?”

“తాగినాడు పెద్దమ్మా.”

“చెంబు ఏ చేత్తో పట్టుకున్యాడు?”

స్టీఫెన్ కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు.

“ఎడంచేత్తో.”

*

నంద్యాల బస్టాండులో సిమెంటు బల్ల మీద ఇద్దరి మధ్య ఒక మనిషి కూర్చునేంత జాగా ఉంది. సరస్వతమ్మ చంకలో ఆ గోతం మడతపెట్టి ఉంది. అడిగి తెచ్చుకుంది.

“నీకెప్పుడు తెలుసు?”

“కిట్టు ఆడికొచ్చిన శనివారమే. బొంత చూసినా, కుట్టు చూసినా.”

“తెలిసీ నోరు మూసుకున్యావా?”

“చెప్తే ఎవురు నమ్ముతారత్తా? పోయిన సామాను నేను పాఠం నేర్చుకునే గదిలో ఉండాది. నేనే చేరేసినానంటారు.” ఫెబా గొంతు తగ్గింది. “ఇందాక నువ్వూ అదే అంటివి కదా.”

సరస్వతమ్మ గోతం మడత సర్దుకుంది.

“ఆయనే చెప్తాడని చూస్తాండా” అంది ఫెబా. “పోయిన ఆదివారం అందరూ నా దిక్కు చూస్తిరే, అప్పుడన్నా లేస్తాడనుకున్యా. పాటల పుస్తకం తిరగేసుకుంటా కూచున్యాడు. నిన్న పుల్లలు చూసి అరిచినాడే, అది కోపం కాదత్తా. భయం. నేను కనుక్కున్యానా లేదా అని.”

చెంబు పళ్ళకు కొట్టుకున్న చప్పుడు సరస్వతమ్మకు మళ్ళీ వినపడింది.

“వానికి ఇదేం పొయ్యేకాలం? వాడెందుకు చేస్తాడు?”

ఫెబా ఆమె వైపు తిరిగింది.

“చర్చి వార్షికోత్సవానికి నేను వాయిస్తానని స్త్రీల కూటంలో అడిగి ఇంటికొస్తే, నువ్వు ఏమన్యావో గుర్తుందా?”

గుర్తుంది. ‘నా కోడలు నలుగురి ముందర కాళ్ళు ఎడం చేసుకోని ఆ స్టూలు మీద కూచున్న దినం నేను ఆ చర్చి గడప తొక్కను. శవపెట్టెలో పెట్టి తెస్తేనే వస్తా’ అంది. జయరాజు అప్పుడు అన్నం తింటున్నాడు. కుడిచేత్తో. తలెత్తలేదు.

తల్లికి ఎదురు చెప్పలేడు, పెళ్ళానికి వద్దని చెప్పలేడు. స్టూలూ డ్రమ్మూ రెండూ లేకుండా చేస్తే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనుకున్నాడు. రిపేరుకు పంపానని ఎప్పుడో ఒకప్పుడు చెప్పుకోవచ్చనుకుని ఉంటాడు. ఈలోగా ఎవరో దొంగతనం అన్నారు. ఆ మాట పుట్టాక వీడి నోరు పడిపోయింది. వేలు పెళ్ళాం వైపు తిరిగినా నోరు లేవలేదు.

బస్సు వచ్చింది. ఎక్కి శిరివెళ్ళ చేరారు. అక్కడ ఫెబా అడిగింది.

“ఆ గోతం ఎందుకత్తా?”

“బియ్యానికి.”

*

జయరాజు గడపలోనే నిలబడి ఉన్నాడు. శనివారం ఆ వేళకు గోడౌన్ వదిలి వచ్చేవాడు కాదు.

“ఏం చూసినావు మా?”

“డ్రమ్ములు.”

“ఏ డ్రమ్ములు?”

“డ్రమ్ములు ఎన్ని రకాలుంటాయిరా?” అంటూ చెప్పులు విడిచి లోపలికి పోయింది సరస్వతమ్మ.

అతను ఆమె వీపు వైపు చూశాడు. ఆ తర్వాత ఫెబా మొహం వైపు చూశాడు. ఆ మొహంలో ఏమీ దొరకలేదు.

చర్చి ఊడ్చే వేళయింది. ఫెబా చీపురు తీసుకుని వంటింటి తలుపు వెనక చెయ్యి పెట్టింది. మేకు ఖాళీ.

“పాస్టరమ్మ వచ్చి అడిగింది. ఇచ్చేసినా” అన్నాడు జయరాజు నేల చూస్తూ. “రేపు... రేపు కూటంలో నిన్ను నిలబెట్టి అడుగుతారంట. నువ్వేం మాట్లాడద్దు. రెండు దినాలుంటే అంతా అదే సర్దుకుంటాది.”

“ఎట్ల సర్దుకుంటాది?” అంది ఫెబా.

మంచం మీద నుంచి సరస్వతమ్మ కొడుకునే చూస్తోంది. కడుపున పుట్టినవాడిని అలా, అంగట్లో తక్కెడ ముల్లును చూసినట్టు చూడాల్సి వస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఇంకో మాట అంటాడేమో, ఇప్పుడైనా అంటాడేమో అని చూసింది. ఫెబా చీపురు మూలన పెట్టి ఎసట్లోకి బియ్యం తీసింది. ఒక గుప్పెడు పక్క డబ్బాలో వేసింది.

*

ఆదివారం మొదటి గంట కొట్టారు.

జయరాజు తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఫెబా బైబిలు సంచి తగిలించుకుని గడప దగ్గర నిలబడింది. సంచిలోంచి పుల్లల కొసలు రెండు బయటికే అగపడుతున్నాయి. దాచే ప్రయత్నం చేయలేదు.

“అవి యాలమ్మే? లోపల పెట్టు!” అన్నాడు జయరాజు గొంతు నొక్కి.

“ఉండనీ” అంది లోపల్నుంచి సరస్వతమ్మ.

ఆమె వంటింట్లోంచి గుప్పెడు బియ్యం డబ్బా తెచ్చింది. చంకలో గోతం. నడింట్లో కూర్చుని గోతం దులిపి, మూతి తెరిచి, డబ్బా వంచింది. వారం రోజుల సోనా బియ్యం గలగలా అడుగుకు జారాయి. అంత పెద్ద గోతంలో అవి ఏ మూలకూ రాలేదు.

“డబ్బాలోనే తీసుకోని పోతాం కదా మా ఎప్పుడూ. అంత గోతం...” అంటూ వంగిన జయరాజు అక్కడే ఆగిపోయాడు.

మూతి దగ్గర సగం విప్పిన కుట్టు. ఎదురు వాలిన దారం.

వీధిలో జనం బైబిళ్ళు పట్టుకుని చర్చి వైపు నడుస్తున్నారు. పోతూ పోతూ ఎవరో ఈ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించారు.

“ఈ పొద్దు బియ్యం మోసేది నువ్వే” అంది సరస్వతమ్మ. “ఆడోళ్ళ వరసలోకి పోయి, పాస్టరయ్య ముందర, ఈ గోతం తెరిచి పెట్టు. ఆయన ఇది యాడిదని అడుగుతాడు. ఏం చెప్తావో నీ ఇష్టం. నేను మాత్రం ముందర బల్ల మీదే కూచుంటా. నీ పెండ్లాం స్టూలెక్కినా గడప తొక్కుతా.”

“మా...”

“పట్టుకో నాయనా. ఎడంచేత్తోనే పట్టుకో. చిన్నప్పుడు కట్టేసింది నేనే, ఈ పొద్దు చెప్తాండేదీ నేనే.”

గడప మీద ఫెబా మడమ ఒకసారి తట్టింది. ఆగింది.

రెండో గంట మొదలైంది. జయరాజు రెండు చేతులూ కిందికి వేలాడుతూనే ఉన్నాయి. గోతం మూతి అతని వైపు తెరుచుకుని ఉంది.